పొట్టేలుకు నేను చేసిన ఉపకారం

పోస్టాఫీసులో పెన్నును పురికొసతో బల్లకు కట్టేస్తారు కదా, దాని మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. కట్టేయడం మీద కాదు. ఆ పురికొసను మనం రాయవలసిన చోటికి ఎప్పుడూ జానెడు తక్కువగా కత్తిరించడం మీద. కవరు మీద చిరునామా రాయాలంటే కవరు పెన్ను దగ్గరికి జరగాలి, కవరుతోపాటు మనం జరగాలి, మనతోపాటు మన వెనకున్న వరసంతా జరగాలి. మొన్న నాకు విసుగొచ్చి ఆ ముడి మీద గోరు పెట్టాను. పెట్టి, మళ్లీ తీసేశాను. కౌంటరు వెనకాయన నా మర్యాదను మెచ్చుకున్నట్టు తల ఊపాడు. అది మర్యాద కాదు, భయం.

ఎందుకంటే నేను ఒకప్పుడు నాది కాని ముడి ఒకటి విప్పాను. దాని ఫలితంగా ఇరవై మూడు కాన్పులు జరగవలసి వచ్చింది. నలభై ఏళ్ల అనుభవమున్న కాపరి గొంగడి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. బదరీ యాత్రకు పోయే రైల్లో రెండు సీట్లు ఖాళీగా పోబోయాయి. ఒక్క ముడి చేత ఇంతకంటే ఎక్కువ పని చేయించడం ఎవరికీ సాధ్యం కాదనుకుంటాను.

అరవైల మొదట్లో మాట. అప్పుడు నేను హిందూపురంలో కాలేజీ పిల్లలకు తర్కశాస్త్రం చెప్పేవాణ్ణి. పొగ ఉంటే నిప్పు ఉంటుందని ఏడాది పొడుగునా నిరూపించడం నా ఉద్యోగం. పెళ్లయి ఏడాది. మా మామ ధర్మవరంలో స్టేషన్ మాస్టరుగా రిటైరై, పెనుకొండకు ఈవల రైలు కట్ట పక్కనే పది ఎకరాల చేను, బావి, పెంకుటిల్లు కొనుక్కుని అత్తతో కాపురముండేవాడు. ఆ చేను కొనేముందు అందరూ బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూడమన్నారట. ఆయన చూడలేదు. ఇంటి అరుగు మీద కూర్చుంటే రైలు కనిపిస్తుందా లేదా అని మాత్రం రెండు రోజులు కూర్చుని మరీ చూశాడు.

కూర్చుని అన్నాను గానీ, ఆయన కూర్చోగా నేను చూసింది తక్కువ. రిటైరైన మనిషి అంటే పడక కుర్చీ, విసనకర్ర, ఒక కునుకు అని మనం అనుకుంటాం. మా మామ మాత్రం నిప్పుల మీద నడుస్తూ మధ్యలో ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చిన మనిషిలా ఉండేవాడు. తెల్లవారుజామున లేచి, వేపకొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద గంట కొట్టేవాడు. కోళ్లకు ఒక గంట. గొర్రెలకు రెండు. అత్తకు మూడు. అత్త మూడో గంటకు పలికిన దాఖలాలు లేవు. మామిడంట్లకు తెల్లసున్నంతో నంబర్లు వేశాడు. తేనెటీగలు పెంచబోయాడు, అవి ఆయన వేళలకు ఒప్పుకోక నాలుగో రోజే లేచిపోయాయి. వాన ఎంత పడిందో కొలవడానికి ఒక డబ్బా పెట్టాడు. ఆ ఏడు దాంట్లో పడింది ఒక తొండ. దాన్ని కూడా నోట్‌బుక్కులో రాశాడు.

అత్తకు ఉన్నది ఒకే ఒక్క సరదా: గొర్రెలు. ధర్మవరం క్వార్టర్స్ వెనక రెండు పిల్లలతో మొదలుపెట్టింది, ఇక్కడికొచ్చాక ముప్పై ఎనిమిదయ్యాయి. ఒక్కొక్కదానికీ ఒక్కో పేరు. పేర్లన్నీ మామ తరఫు చుట్టాలవే. "ఏమే రామలక్షుమ్మా, ఒకరి మేత ఒకరు తినేది నీకు పుట్టుకతో వచ్చిన బుద్ధి గదే!" అని ఆమె తొట్టి దగ్గర కేకేస్తే, అది గొర్రెకా, కదిరిలో ఉన్న ఆడబిడ్డకా అన్నది తేల్చుకోలేక మామ ఇంట్లోకి వెళ్లిపోయేవాడు. మొదటిసారి నేను పోయినప్పుడు ఒక తెల్లమూతి గొర్రెను చూపించి, "ఇది మీ అమ్మ, నాయనా. శానా నెమ్మది. తోసినా ఏమనదు" అంది. మా అమ్మకు ఈ గౌరవం సంగతి నేను చివరిదాకా చెప్పలేదు.

మందలో అన్నిటికంటే ముందు మెడలో గంటతో నడిచే మేకకు మామ "ఇంజను" అని పేరు పెట్టాడు. అన్నిటికంటే వెనక నల్లగా, బరువుగా, లోకం మీద అపనమ్మకంతో నడిచే పొట్టేలుకు "గార్డు" అని.

ఈ గార్డే నా కథానాయకుడు.

ఆ డిసెంబరు సెలవులకు నేనూ, నా భార్య సరోజా రెండు వారాలు ఉందామని పోయాం. కొత్తల్లుడి పని ఏమిటో మీకు తెలుసు. మంచం మీద కూర్చోవాలి. పెట్టింది తినాలి. తిన్నాక మళ్లీ కూర్చోవాలి. మొదటి రోజు ఒబ్బట్లు. రెండో రోజు ఒబ్బట్లు, నాటుకోడి. మూడో రోజు నాకు కాళ్లలో చీమలు పట్టినట్టయింది. ఇంటి చుట్టూ ఏడుసార్లు తిరిగాను. బావిలోకి తొంగిచూశాను. మామిడంట్ల నంబర్లతో కూడికలు వేశాను, తీసివేతలు వేశాను. మామ నన్ను అభిమానంగా చూశాడు; తన జబ్బు ఇంకొకరికి వచ్చిందని సంతోషం.

సరిగ్గా ఆ రోజే కాపరి సిద్దప్ప అక్క కూతురి పెళ్లికని అమరాపురం బయల్దేరాడు. పది రోజులకు గానీ రాడు.

"గొర్రెలు నేను తోలుకుపోతాను" అన్నాను.

అత్త చేతిలో చెంబు జారిపడింది. "అల్లుడు గొర్రెలు కాసేదేంది నాయనా! ఊరోళ్లు చూస్తే నా మొగం మీద ఊంచుతారు."

"ఊరోళ్లు యాడుండారే ఈడ?" అన్నాడు మామ. "కట్ట మింద పోయే ప్యాసింజర్లు తప్ప! పోనీలే. కూకోని కూకోని పిల్లోడు తుప్పు పడతాండాడు."

మరునాడు పొద్దున రెండు గంటలు మోగాయి. మామ దొడ్డి తలుపు దగ్గర నిలబడి పచ్చజెండా ఊపాడు. ఇంజను కదిలింది, మంద కదిలింది, చివర గార్డు కదిలాడు. అప్పుడే నేను వాణ్ణి వెనకనుంచి సరిగ్గా చూశాను. కడుపు కింద అడ్డంగా ఒక గోనెపట్ట, దాన్ని నడుము మీదుగా తాళ్లతో బిగించి కట్టారు. నడుస్తుంటే అది కాళ్లకు తగులుతోంది. ముతక గోనె. నాకు జాలేసింది.

వెనక్కి తిరిగి అడిగాను: "అత్తా, పొట్టేలుకు ఆ గోనెపట్ట ఎందుకు?"

మామూలు ప్రశ్న. నేను ఇప్పటికీ అలాగే అనుకుంటాను. కానీ అత్త పైట సర్దుకుంది. తూర్పు చూసింది. పడమర చూసింది. చేటలో బియ్యం లేకపోయినా చెరిగింది. చివరికి, "చలికాలం గదా నాయనా! పొట్టకు చలి తగలకుండా కట్టినాం" అని లోపలికి వెళ్లిపోయింది.

మామను అడిగాను. ఆయన దగ్గాడు. రెండుసార్లు. "దానికి ఇంకా లైన్ క్లియర్ ఇయ్యలేదప్పా" అన్నాడు. మామ ప్రతిదీ రైలు భాషలోనే చెబుతాడు గనక నేను దానికి అర్థం వెతకలేదు.

ఇక్కడ పాఠకులు నన్ను కాస్త క్షమించాలి. నేను పల్లెలో పుట్టినవాణ్ణి కాను. మా నాయన అనంతపురంలో గుమాస్తా. గొర్రెతో నా పరిచయం పలావు దగ్గర మొదలై పలావు దగ్గరే ముగిసింది. అత్త చెప్పిన కారణం నా చేతిలో ఉంది, నా చేతిలో తర్కశాస్త్రం ఉంది. రెండూ కలిశాయి.

కట్ట దాటి, తుమ్మచెట్ల కింద మందను వదిలి, ఒక బండ మీద కూర్చుని ఆలోచించాను. గోనెపట్ట చలికి కట్టింది. చలి పొద్దునా సాయంత్రం ఉంటుంది. ఇప్పుడు పది గంటలు, నా వీపు మీద ఎండ సుర్రుమంటోంది. కాబట్టి ఇప్పుడు ఆ గోనెపట్ట పొట్టేలుకు ఉపకారం చేయకపోగా అపకారం చేస్తోంది. కాబట్టి విప్పాలి. సాయంత్రం మళ్లీ కట్టాలి. ఒక్క మెట్టు కూడా జారలేదు, చూడండి. మా ప్రిన్సిపాలు ఉంటే బోర్డు మీద రాయమనేవాడు.

సిద్దప్ప ముడి మామూలు ముడి కాదు. దాన్ని విప్పడానికి నాకు అరగంట, ఒక గోరు పట్టాయి. విప్పిన మరుక్షణం గార్డు నా వంక చూసిన చూపు ఉందే, అలాంటి కృతజ్ఞత నేను పాసు చేయించిన పిల్లల కళ్లలో కూడా చూడలేదు.

సాయంత్రం మందను తోలుకొచ్చేముందు మళ్లీ అదే తీరుగా కట్టేశాను. అత్తకు చెప్పలేదు. చేసిన మంచిని చాటుకోవడం నాకు ఇష్టం ఉండదు.

అలా తొమ్మిది రోజులు. నేను బండ మీద రైలు కట్ట వైపు తిరిగి కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ణి. మంద సంగతి మంద చూసుకునేది. ఈ తొమ్మిది రోజుల్లో నేను గమనించిన మార్పు ఒక్కటే: ఎప్పుడూ అందరికంటే వెనక నడిచే గార్డు ఇప్పుడు మంద మధ్యలో నడుస్తున్నాడు. పొట్టకు గాలి తగిలి ఆరోగ్యం బాగుపడిందనుకున్నాను. ఇంటి దగ్గర అదే చెప్పాను కూడా.

"పొట్టేలు శానా హుషారుగా ఉంది అత్తా."

"మీ చెయ్యి మంచిది నాయనా" అంది అత్త పాపం.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అత్త తన పెట్టె తెరిచి మాకు ఒక కొత్త కంబళి, రెండు ఇత్తడి చెంబులు చూపించింది. హిందూపురం నుంచి ఒక గుంపు మే నెలలో హరిద్వారం, బదరీ పోతోంది. మామకు రిటైరైనవాళ్లకిచ్చే పాసు ఉంది. ఇద్దరూ పోతున్నారు.

"మే నెలే ఎందుకమ్మా, ఎండలు కదా?" అంది సరోజ.

"ఇంగెప్పుడు పోయేది? ఏరువాకొస్తే చేన్లో పని. వానలు పడినాక గొర్రెలు ఈనే కాలం, పిల్లల్ని ఇడిసి కదిలేకి లేదు. మేలో అయితే చేనూ ఖాళీ, గొర్రెలూ ఖాళీ." కంబళిని మళ్లీ మడత పెట్టింది. "ముప్పై ఏండ్లు స్టేషన్లో కాపురముంటి. కాశీకి పోయేటోళ్లను చూస్తి, ఢిల్లీకి పోయేటోళ్లను చూస్తి. నేను రైలెక్కి పోయిందల్లా గుంతకల్లు దాకా, అదీ పన్ను పీకించుకునేకి."

నేను మనసులో చాలా కదిలిపోయాను. పొద్దున్నే లేచి పొట్టేలు గోనెపట్ట విప్పడానికి పోయాను.

ఏప్రిల్లో మామ దగ్గరనుంచి సరోజకు ఉత్తరం వచ్చింది. ఆయన ఉత్తరాలు కూడా తంతి మాదిరి ఉండేవి. నాకు ఇంకా గుర్తుంది: "క్షేమం. ఎండ ఎక్కువ. గొర్రెలు ముప్పై ఎనిమిదింటిలో ఇరవై మూడు చూడితో ఉన్నట్టు తేలినది. మీ అత్తగారి పేరు గలది కూడా అందులో కలదు. మే నాలుగో వారములో ఈనునని సిద్దప్ప అంచనా. పొట్టేలుకు గోనెపట్ట కట్టియే యున్నది. ఎట్లు జరిగెనో తెలియదు. విచారణ జరుగుచున్నది."

ఉత్తరం సరోజ చేతిలో ఉంది, కాఫీ నా చేతిలో ఉంది.

"గొర్రెలు చూడి కట్టడానికీ గోనెపట్టకూ సంబంధమేమిటి?" అన్నాను.

సరోజ నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను నిజంగానే అడుగుతున్నానని తెలిశాక వంటింటి గడప మీద కూర్చుండిపోయి నవ్వింది. నవ్వడం అయ్యాక, భూగోళం చెప్పినట్టు మర్యాదగా, చుట్టూ తిప్పి చెప్పింది. వానల తరువాత పచ్చిమేత ఉన్నప్పుడే పిల్లలు పుట్టాలని, ఎండల్లో పుడితే తల్లికి పాలుండవని, అందుకని వైశాఖం దాకా పొట్టేలుకు అడ్డంగా అది కడతారని. "అంత మాత్రం తెలీదా మీకు?"

"తెలుసు, తెలుసు. నువ్వు సరిగ్గా చెబుతావో లేదో చూశాను" అన్నాను.

కాఫీ చల్లారిపోయింది. వేళ్ల మీద లెక్కపెట్టాను. డిసెంబరు చివర నుంచి మే చివర దాకా అయిదు నెలలు. గొర్రె మోసేది ఎన్ని నెలలని ఎవరినీ అడిగే ధైర్యం లేక కాలేజీ జంతుశాస్త్రం మేష్టరు దగ్గరికి పోయి ఏనుగు గురించి మొదలుపెట్టి, గుర్రం మీదుగా గొర్రె దగ్గరికొచ్చాను. "అయిదు నెలలండీ" అన్నాడు. "ఏం, పెంచుతున్నారా?" నేను పెంచేశానని చెప్పలేదు.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. క్లాసులో బల్ల మీద కూర్చోలేను, నిలబడలేను. ఉత్తరం రాద్దామని మొదలుపెడతాను. "గౌరవనీయులైన అత్తగారికి, పొట్టేలు విషయమై" దగ్గర కలం ఆగిపోతుంది. ఆ తరువాతి వాక్యం అల్లుడు అత్తకు రాయదగిన వాక్యం కాదు. చించేస్తాను. ఎదురుగా చెబుదామనుకుంటాను. చెప్పాలంటే ముందు ఆ గోనెపట్ట ఎందుకో నాకు తెలిసిందని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే, చలికని ఆమె అబద్ధం చెప్పిందని తేలుతుంది. నా తప్పు చెప్పుకోవాలంటే ముందు ఆమె పరువు తీయాలి. ఇంత ఇరుకు సందును నేను ఏ తర్క గ్రంథంలోనూ చూడలేదు.

మేలో, వాళ్లు యాత్రకు పోతే ఇల్లు కనిపెట్టుకుని ఉండడానికని ముందే అనుకున్నట్టు, నేనూ సరోజా పోయాం. వాళ్ల ప్రయాణానికి ఇంకా రెండు రోజులుంది. దొడ్లో ఇరవై మూడు గొర్రెలు గుమ్మటాల్లా నిలబడి నెమరేస్తున్నాయి. మా అమ్మ పేరు గలది నన్ను గుర్తుపట్టి తల తిప్పుకుంది.

"సిద్దప్ప ఉండాడు గాబట్టి పోతాండాం నాయనా" అంది అత్త. "ఆయప్ప లేకుంటే అడుగు బయట పెట్టలేము. ఎండల్లో ఈనే గొర్రెను ఆయప్ప ఒక్కడే దక్కిస్తాడు."

అంతా బాగానే పోయేది. కానీ మా మామకు విచారణ పూర్తి కాకుండా రైలెక్కితే నిద్ర పట్టదు. ప్రయాణం రోజు పొద్దున్నే అరుగు మీద బల్ల వేయించాడు. గోనెపట్టను, తాళ్లను బల్ల మీద పరిచాడు. తెల్లకాగితం తీసి నా ముందు పెట్టాడు.

"నీ దస్తూరి బాగుంటాది. రాయప్పా."

దొంగ చేతికే విచారణ నివేదిక! నేను రాశాను. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. మామ అటూ ఇటూ నడుస్తూ చెప్పాడు: "గోనెపట్ట చినగలేదు. రాసినావా? తాడు తెగలేదు. రాసినావా? కాబట్టి ముడి వదులై జారినది. ముడి కట్టినది సిద్దప్ప. డిసెంబరులో పెండ్లి తొందరలో సరిగా బిగించలేదు. పుల్‌స్టాప్ పెట్టు."

నేను పుల్‌స్టాప్ పెట్టాను. నా జీవితంలో అంత బరువైన చుక్క ఇంకొకటి పెట్టలేదు.

సిద్దప్పను పిలిచి చదివి వినిపించాడు. సిద్దప్ప అరవై దాటిన మనిషి. సన్నగా, ఎండిన తుమ్మకొమ్మలా ఉంటాడు. అంతా విని, ఒక్క మాటే అడిగాడు.

"నా ముడి జారిందంటాండారా?"

"జారకుంటే ఎట్లయిందప్పా?" అంది అత్త స్తంభం చాటునుంచి. "నువ్వు తొందర తొందరగా పోతివి గదా ఆ పొద్దు."

"ముడి జారిందంటాండారు" అన్నాడు సిద్దప్ప మళ్లీ, ఈసారి ఎవరినీ అడగకుండా. దొడ్లోకి పోయాడు. గొంగడి భుజాన వేసుకున్నాడు. కర్ర తీసుకున్నాడు. గేటు దగ్గర చెప్పులేసుకున్నాడు.

"యాడికప్పా?" అని మామ కేకేశాడు.

"గట్టిగా ముడేసే వాడిని పెట్టుకోండి" అని పెనుకొండ దారి పట్టాడు.

మామ అరుగు మీద నాలుగుసార్లు ఇటూ అటూ నడిచాడు. అయిదోసారి ఆగాడు. "ప్రయాణం క్యాన్సిల్" అన్నాడు.

అత్త లోపలికి పోయింది. పెట్టె తెరిచింది. దారికని కట్టుకున్న శనగపొడి, నువ్వులపొడి మూటలు ఒక్కొక్కటే తీసి అలమారలో పెట్టసాగింది. ఇత్తడి చెంబుల్ని తీసింది. కొత్త కంబళి దగ్గరికొచ్చేసరికి చేయి ఆగింది.

"అందరికీ పచ్చజెండా సూపిస్తిమి" అంది ఎవరితో కాకుండా. "మనకు సూపించేవాళ్లు యాడుంటారులే."

నేను తట్టుకోలేకపోయాను. వంటింట్లోకి పోయి సరోజ చెవిలో చెప్పాను. "ఏదో ఒకటి చెప్పి వాళ్లను మూట ముల్లెతో సహా స్టేషనుకు తీసుకురా. బండి ఒకటిన్నరకు. నేను సిద్దప్పను పట్టుకొస్తాను."

"రమ్మంటే వస్తాడా ఆయప్ప?"

"వస్తాడు. ఆ గోనెపట్ట విప్పింది నేనే."

సరోజ నోరు తెరిచింది. ఆమె నోరు మూసేలోగా నేను మామ సైకిలెక్కి వీధిలో ఉన్నాను. ఆ సైకిలుకు బ్రేకులు లేవు. గంటలు మాత్రం రెండు ఉన్నాయి.

పెనుకొండ బస్టాండులో మడకశిర బస్సు కోసం సిద్దప్ప ఒక రాయి మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేను చెమటతో ముద్దయి ఎదురుగా నిలబడ్డాను.

"సిద్దప్పా! నీ ముడి జారలేదు."

"నాకు తెలుసు."

"నేను విప్పినాను."

కళ్లు చిన్నవి చేశాడు. "ఎప్పుడు?"

"డిసెంబర్లో. నువ్వు పెండ్లికి పోయినప్పుడు. రోజూ పొద్దున విప్పి, సాయంత్రం కట్టినాను. తొమ్మిది రోజులు."

"రోజూనా?"

"రోజూ."

"ఎందుకప్పా?"

"జాలేసింది."

 పక్కన శనగలు తింటున్న ఒకాయన తినడం ఆపి మా వైపు జరిగాడు.

"నా ముడి విప్పేకి ఎంతసేపు పట్టె?" అన్నాడు సిద్దప్ప.

"అరగంట. గోరు విరిగింది."

ఆ ముఖంలో మొదటిసారి వెలుగు కనిపించింది. శనగలాయన వైపు తిరిగి, "ఇనినావు గదా? అర్ధగంట" అన్నాడు. లేచి గొంగడి దులుపుకున్నాడు. "సరే. ఈ మాట అమ్మ ముందర చెప్పాల. నేనుండంగ చెప్పాల."

"అమ్మ ముందరనా? సిద్దప్పా, అత్త కదప్పా! అట్లాంటి మాట ఎట్ల చెప్పేది?"

"అయితే బస్సొస్తాంది" అన్నాడు.

బస్సు నిజంగానే వస్తోంది. సిద్దప్పను సైకిలు వెనక ఎక్కించుకుని తొక్కాను.

మేం స్టేషను చేరేసరికి రైలు వచ్చి నిలబడి ఉంది. హిందూపురంలో ఎక్కిన యాత్రికులంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. ప్లాట్‌ఫారం మీద మామ వాచీ చూసుకుంటూ అటూ ఇటూ నడుస్తున్నాడు. అత్త మూట ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. యాత్ర వాళ్లకు పొడులైనా ఇచ్చి వద్దాం రమ్మని సరోజ బండి కట్టించి తీసుకొచ్చిందట. కంబళి, చెంబులు కూడా ఆ పొడుల కిందే దాచి తెచ్చింది. నా భార్య తర్కం చదవలేదు, అందుకే బుర్ర పనిచేస్తుంది.

"అదో, సిద్దప్ప!" అని అత్త లేచి నిలబడింది.

సిద్దప్ప నా వీపు మీద కర్రతో చిన్నగా పొడిచాడు. "చెప్పప్పా."

రైలు రెండు నిమిషాలే ఆగుతుంది. వాటిలో ఒకటి అయిపోయింది. నేను గొంతు సవరించుకున్నాను. క్లాసులో వెనక బెంచీకి వినబడాలని అలవాటైన గొంతు. అదే నా కొంప ముంచింది.

"అత్తా! పొట్టేలు గోనెపట్ట విప్పింది నేను!"

మూడు పెట్టెల దాకా వినబడిందని తరువాత సరోజ చెప్పింది. కిటికీలోంచి ఒక మడకశిర పెద్దమ్మ, "ఏమంట, ఏమంట?" అంది. ఆమె పక్కనామె, "ఆ పిల్లోడు పొట్టేలును ఇడిసిపెట్టినాడంట. గొర్రెలన్నిటికీ కడుపులంట" అని వివరంగా చెప్పింది. ఆ మాట ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నవ్వుగా మారి ప్రయాణం చేయడం నాకు నిలబడ్డచోటు నుంచే వినబడింది.

మామ ఆగిపోయాడు. నిజంగా ఆగిపోయాడు, అది నేను చూడడం అదే మొదటిసారి. జేబులోంచి నివేదిక తీసి, సిద్దప్ప పేరు కొట్టేసి, పైన ఏదో రాసుకున్నాడు. "లైన్ క్లియర్ లేదని చెప్పింటినే!" అన్నాడు నా వంక బాధగా.

అత్త చెంగుతో ముఖం కప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. చెంగు తీసింది. నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు.

"అల్లుని తప్పు ల్యా సిద్దప్పా, నాది" అంది. "అల్లుడు గోనెపట్ట ఎందుకని అడిగితే, ఏం చెప్పేదో తెలీక, చలికి కట్టినామంటి. అల్లునితో ఆ మాటలు ఎట్ల చెప్పేది? నిన్ను అనరాని మాటంటినప్పా. మనసులో పెట్టుకోవద్దు."

"నా ముడి జారలేదు గదా, అది చాలు" అన్నాడు సిద్దప్ప. "పోయిరాండమ్మా. గొర్రెల్ని నేను చూస్తా. అల్లుడప్ప నీళ్లు మోస్తాడు."

గార్డు ఈల వేశాడు. రైలు గార్డు.

"ఎక్కు! ఎక్కు!" అని మామ అరిచాడు. ముప్పై ఏళ్లు అందరినీ ఎక్కించిన మనిషికి, తాను ఎక్కాలన్నది రైలు కదిలాక గానీ గుర్తు రాలేదు. సరోజ మూటను కిటికీలోంచి తోసింది. ఆ మడకశిర పెద్దమ్మ అత్త చేయి పట్టి పైకి లాగింది. మామ మెట్టు మీద ఒక కాలు పెట్టి, అలవాటు కొద్దీ జేబులోంచి పచ్చ చేతిగుడ్డ తీసి ఊపుతూ, తన రైలును తానే పంపించుకున్నాడు. అత్త కిటికీలోంచి చేయి బయటపెట్టి, మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది. ఆమె ధర్మవరం వైపు అలా నవ్వుతూ పోవడం నేను ముందెప్పుడూ చూడలేదు.

ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. నేనూ, సరోజా, సిద్దప్పా మిగిలాం. ఇరవై మూడు గొర్రెలు ఇంటి దగ్గర మా కోసం కాచుకుని ఉన్నాయి. సందర్భం గంభీరమైనది గనక నేను కూడా గంభీరంగా ఏదైనా చెప్పాలనిపించింది. కుడిచేయి చాచి, రైలు పట్టాల సాక్షిగా అన్నాను:

"సిద్దప్పా! ఈ క్షణం మొదలు, నాలుగు కాళ్ల జీవి ఏదైనా సరే, దాని ఒంటి మీద ఏ కట్టు ఉన్నా, దాని విషయంలో నా చేయి పెట్టను, నా జాలి పెట్టను, నా తర్కం అసలే పెట్టను. ఇది నా ప్రమాణం. నేను ఉన్నంత కాలం."

సరోజ నవ్వాపుకోడానికి పట్టాల వైపు తిరిగింది. సిద్దప్ప నవ్వలేదు. నా ప్రమాణాన్ని అసలు విన్నాడో లేదో కూడా తెలియదు. చలికి కట్టామని అత్త ఇందాక చెప్పిన మాట దగ్గరే ఆగిపోయి, దాన్నే నములుతున్నట్టున్నాడు. నన్ను తలనుంచి కాళ్ల దాకా నిదానంగా చూసి అడిగాడు:

"ఒళ్లంతా బెత్తెడు ఉన్ని ఉండే పొట్టేలుకు చలేస్తాదంటే నమ్మినావంటే, కాలేజీలో పిల్లోళ్లకు ఏం చెప్తాండావప్పా నువ్వు?"